నాలుగు సెకన్ల మామగారు

డ్రిల్లు మాస్టారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. కంటపడిన ప్రతిదానికీ ఎంతసేపు పట్టిందో కొలవాలి. తాగుడు లేదు, పేకాట లేదు, ఒకరి జోలికి పోయే గుణం అంతకన్నా లేదు. మెడలో బూటు లేసుకి కట్టిన స్టాప్‌వాచీ ఒకటి ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది, అంతే. స్నానానికి వెళ్ళేటప్పుడు మాత్రం తీసి బయట మేకుకి తగిలిస్తారు. అదైనా ఊరికే తగిలించరు, నొక్కి మరీ లోపలికి వెళతారు.

ముప్పైనాలుగేళ్ళు హైస్కూల్లో పిల్లల్ని పరిగెత్తించి రిటైరయ్యారు. పరిగెత్తే పిల్లలు పోయారు, వాచీ మిగిలింది. వాడకపోతే అది పాడైపోతుందనుకున్నారో, తనే పాడైపోతాననుకున్నారో గానీ, వచ్చి ఇంటి మీద పడ్డారు. పాలు పొంగడానికి ఆరు నిమిషాల పది సెకన్లు. బక్కెట్టు నిండడానికి రెండు నిమిషాల ఐదు. ఇంటికొచ్చిన చుట్టాలు "ఇక వెళ్ళొస్తాం" అని మొదటిసారి అన్నది మొదలు నిజంగా గేటు దాటేదాకా ఇరవై మూడు నిమిషాలు. ఆ సంగతి గేటు దగ్గరే వాళ్ళకి చెప్పేస్తారు కూడా. పాపం, ఆ చుట్టాలు ఏ మొహం పెట్టాలో తెలియక అక్కడే ఇంకో రెండు నిమిషాలు నిలబడిపోతారు.

ఒకసారి ఒంట్లో నలతగా ఉంటే బలవంతాన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరు మణికట్టు పట్టుకుని చూసి, "డెబ్బై ఆరు. బాగానే ఉంది" అన్నాడు.

"మీరు పట్టుకున్నది పదిహేను సెకన్లే" అన్నారు మాస్టారు, రెండో చేత్తో వాచీ చూపిస్తూ.

"పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తామండీ. అందరం అలాగే చేస్తాం."

"మిగతా నలభై ఐదు సెకన్లలో నేను పోతే?"

డాక్టరు ఈసారి నిమిషమంతా పట్టుకున్నాడు. ఎనభై రెండు వచ్చింది.

"చూశారా, తేడా వచ్చింది!" అన్నారు మాస్టారు విజయగర్వంతో.

"నాది చూసుకుంటే నూరు దాటి ఉంటుంది లెండి" అన్నాడు డాక్టరు.

ఇలాంటి ఇంట్లోకి కోడలిగా వచ్చిన అమ్మాయి కొత్తలో బెదిరిపోయిందంటే తప్పేముంది? ఒకరోజు భర్త దగ్గర మొర పెట్టుకుంది. అతను నిట్టూర్చాడు.

"నీదేం కష్టం? నా సంగతి విను. స్కూలు పోటీల్లో వంద మీటర్ల పరుగు. నేనూ, ఇంకో కుర్రాడూ భుజం భుజం రాసుకుంటూ దారం తెంపాం. హెడ్మాస్టరు దగ్గర్నుంచి అందరూ ఇద్దరూ సమానమే అన్నారు. నాన్న రెండు చేతుల్లో రెండు వాచీలు పట్టుకుని నిలబడి, 'సెకనులో ఐదో వంతు తేడా ఉంది. మావాడు రెండోవాడు' అన్నాడు. కప్పు వాడికిచ్చారు. నాకు సబ్బుపెట్టె ఇచ్చారు. అమ్మ రెండు రోజులు నాన్నతో మాట్లాడలేదు."

"నలభై మూడు గంటలు" అన్నారు మాస్టారు పక్కగదిలోంచి. "వాచీకి చుట్టరికాలు తెలీవురా."

అప్పట్నుంచీ కోడలికి ఒక సంగతి మాత్రం గట్టిగా తెలిసింది. ఈయనతో వేగడం కష్టమే, కానీ ఆయన ఐదన్నారంటే ఐదే. ఆ వాచీ మాట మీద కళ్ళు మూసుకుని నడవొచ్చు.

ఇక కోడలి సంగతి. ఆమె ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ, ఆరేళ్ళుగా డాక్టరేటు కోసం పరిశోధన చేస్తోంది. దేని మీదా అంటే కలుపు గింజల మీద. పొలంలో రాలిన కలుపు గింజ మొలకెత్తకుండా మట్టిలో ఎన్నేళ్ళు ప్రాణంతో పడుంటుంది? అది తేల్చడానికి గింజల్ని చిన్న చిన్న గుడ్డసంచుల్లో కట్టి గుంటల్లో పాతిపెట్టింది. ఏడాదికోసారి తవ్వి కొన్ని తీసి పరీక్ష చేసింది. చేతులు బొబ్బలెక్కాయి, మొహం కమిలిపోయింది.

"అందరూ కలుపు పీకి పారేస్తారు. వెతికి వెతికి పాతిపెట్టేదాన్ని నిన్నే చూశాను తల్లీ" అనేది అత్తగారు. అంటూనే ఆ గుడ్డసంచులన్నీ ఆవిడే కుట్టిపెట్టింది.

పని పూర్తయింది, పుస్తకం తయారైంది. దాన్ని సమర్పించే ముందు డిపార్టుమెంటులో ఒక సెమినార్ ఇవ్వాలి. అక్కడ వచ్చిపడింది గండం. మాట్లాడినంతసేపూ బాగానే మాట్లాడింది. చివర్లో ఒక పెద్దమనిషి, పాపం ఏ దురుద్దేశమూ లేకుండా, "మొత్తం ఎన్ని గుంటలు తవ్వారమ్మా?" అని అడిగాడు. ఇంతకన్నా తేలిక ప్రశ్న ఉంటుందా? గుంటలు తవ్వింది తను. బొబ్బలు తన చేతులకే ఉన్నాయి. అయినా నోరు పెగల్లేదు. తల ఎత్తి ఫాను వంక చూస్తూ నిలబడిపోయింది. ఆఖరికి గైడు మేడమే కల్పించుకుని "నలభై రెండు" అని చెప్పింది.

ఇప్పుడు అసలు పరీక్ష వచ్చింది. మూడు వారాల్లో వైవా. వేరే యూనివర్సిటీ నుంచి పరీక్షకుడు వస్తాడు. అందరి ముందూ ఇరవై నిమిషాలు తన పని చెప్పాలి, ఆ తర్వాత అడిగినవాటికల్లా జవాబులివ్వాలి. గైడు అడ్డుపడటానికి వీల్లేదు. తారీఖు వేసిన ఉత్తరం చేతిలో పట్టుకుని ఇంటికొచ్చి, కోడలు చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది.

"నేను వెళ్ళను" అంది.

"వెళ్ళకపోతే?" అంది అత్తగారు.

"డాక్టరేటు రాదు. రాకపోతే పోనీ అత్తయ్యా. అక్కడ మళ్ళీ నోరు పడిపోతే ఇంకో ఆరునెలల తర్వాత రమ్మంటారు. ఇంకోసారి ఆ గదిలో అడుగుపెట్టడం నావల్ల కాదు. ఆ రోజు అరగంటసేపు నోట్లోంచి మాట రాలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. చచ్చిపోవాలనిపించింది."

చివరి మాట దగ్గర ఏడ్చేసింది. అత్తగారు దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. అప్పుడు మాట్లాడారు మాస్టారు.

"అరగంటా? ఎవరు కొలిచారు?"

"ఎవరూ కొలవలేదు మామయ్యగారూ. నాకు అనిపించింది."

"అనిపించడమేమిటి!" మాస్టారికి నిజంగానే కోపం వచ్చింది. "కొలవకుండా అరగంట అని ఎలా అంటావు? రేపు సాయంత్రం ఐదింటికి ముందుగదిలో నిలబడు. ఆగినప్పుడు నిజంగా ఎంతసేపు ఆగుతున్నావో చూద్దాం. ఆ తర్వాత వెళ్ళాలో మానాలో నువ్వే చెప్పు."

"ఏడుస్తున్న పిల్లకి కూడా వాచీ పెట్టే మనిషిని ఎక్కడా చూడలేదమ్మా" అంది అత్తగారు.

మర్నాడు సాయంత్రానికి ముందుగది మైదానమైపోయింది. అత్తగారు పరీక్షకుడు. ఆవిడకి ఎలాగూ బఠాణీలు ఒలిచే పని ఉంది కనుక ఆ గిన్నె ఒళ్ళో పెట్టుకునే పరీక్ష చెయ్యడానికి ఒప్పుకుంది. మొగుడుగారు ప్రేక్షకులు. మధ్యమధ్య దగ్గడం, కుర్చీ కిర్రుమనిపించడం ఆయన బాధ్యత. వైవా జరిగే హాలు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. అందుకని కోడలు డాబా మెట్లు మూడుసార్లు ఎక్కి దిగి, ఆ రొప్పుతోనే మాట్లాడటం మొదలుపెట్టాలని మాస్టారి ఆజ్ఞ.

కోడలు మొదలుపెట్టింది. మాస్టారు వాచీ నొక్కారు. ఇరవై నిమిషాలు కాగానే ఈల ఊదారు. కోడలు ఉలిక్కిపడింది గానీ ఆపలేదు, నలభై ఏడో నిమిషానికి గానీ ముగింపుకి చేరలేదు.

"మనుషులు వ్యవసాయం ఎప్పుడు నేర్చారో చెప్పడానికే తొమ్మిది నిమిషాలు పట్టింది" అన్నారు మాస్టారు. "నీ గింజ మట్టిలో పడేసరికి పద్దెనిమిదో నిమిషం."

"ఇంకాసేపుంటే కూర్చున్న చోట నేనే మొలకెత్తేదాన్ని" అంది పరీక్షకురాలు.

"అది తగ్గిద్దాం. అదేం పెద్ద పని కాదు. ఇక ప్రశ్నలు. కానివ్వు" అన్నారు మాస్టారు.

అత్తగారు గొంతు సవరించుకుంది. పరీక్షకులు అలా చేస్తారని ఎవరో చెప్పారు. "మొత్తం ఎన్ని గుంటలు తవ్వావు?"

అంతే. కోడలి నాలుక పిడచగట్టుకుపోయింది. సరిగ్గా ఆ రోజులాగే తల దానంతటదే ఫాను వైపు తిరిగింది. గదిలో ఉన్నది తన వాళ్ళేనని తెలుసు, జవాబూ తెలుసు, నోరు మాత్రం తనది కానట్టుంది. ఎప్పటికో "నలభై రెండు" అనగలిగింది. అనగానే కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి.

వాచీ టిక్కుమంది.

"నాలుగు సెకన్లు" అన్నారు మాస్టారు.

కోడలు నమ్మలేక చూసింది. "నాలుగేనా?"

"నాలుగు."

అత్తగారు ఏదో అనబోయి, మానేసి, మళ్ళీ బఠాణీల గిన్నెలో తల దూర్చింది. భర్త ఆ సమయానికి దగ్గే పనిలో ఉన్నాడు.

"నాలుగు సెకన్లంటే ఏమిటనుకున్నావ్?" అన్నారు మాస్టారు. "మనిషి గ్లాసెత్తి ఒక గుక్క నీళ్ళు తాగేంత. ఎవరైనా నీళ్ళు తాగితే లోకం తప్పుపడుతుందా? ఎదుటివాడికి తెలియను కూడా తెలియదు. ఈ నాలుగు సెకన్ల కోసమా ఆరేళ్ళ పని మట్టిలో వదిలేస్తానంటున్నావు?"

వేరే ఎవరైనా ఈ మాట అంటే ఓదార్పుకి అన్నారనుకునేది. కానీ అన్నది ఎవరు? కన్నకొడుక్కి ఐదో వంతు సెకను వదలని మనిషి. ఆ సెమినార్ అయ్యాక కోడలికి హాయిగా నిద్రపట్టింది ఆ రాత్రే.

అక్కణ్ణుంచి మూడు వారాలు రోజూ ఐదింటికి ఇదే తంతు. మనుషులు వ్యవసాయం నేర్చుకోవడానికి పట్టే కాలం తొమ్మిది నిమిషాల నుంచి మూడుకి, మూడు నుంచి నలభై సెకన్లకి దిగింది. అత్తగారు ప్రశ్నలడగడంలో ఆరితేరిపోయింది. "ఇంత కష్టపడి తవ్వే బదులు ఆ గింజల్నే అడిగితే పోయేది కదా?" లాంటివి కూడా అడిగేది. కోడలు ఆగినప్పుడల్లా మాస్టారు వాచీ చూసి ఠక్కున చెప్పేవారు. నాలుగు సెకన్లు. ఐదు సెకన్లు. మళ్ళీ నాలుగు. ఒక గురువారం మాత్రం మొహం గంభీరంగా పెట్టి, "ఆరు. ఇవాళ కొంచెం ఎక్కువైంది, జాగ్రత్త" అన్నారు. ఆ ఆరు విన్నాక కోడలికి నమ్మకం ఇంకా గట్టిపడింది.

దానివల్ల ఒక చిత్రం జరిగింది. నోరు కట్టేసుకుపోవడం మానలేదు గానీ, కట్టేసుకుపోతే భయపడటం మానేసింది. ఆ, మహా అయితే నాలుగు సెకన్లు, ఎవరు చూడొచ్చారు, అనుకునేది. అలా అనుకుంటూ ఉండగానే జవాబు దానంతటదే వచ్చి నాలుక మీద కూర్చునేది.

వైవా రోజు మాస్టారు అందరికన్నా గంట ముందే వెళ్ళి కూర్చున్నారు. అత్తగారినీ భర్తనీ వెంటబెట్టుకుని కోడలు చేరేసరికి మూడంతస్తుల మెట్లకి ఎంత పడుతుందో, తెర మీద బొమ్మ పడటానికి ఎంత పడుతుందో అటెండరుకి వివరిస్తున్నారు. అటెండరు పాతికేళ్ళుగా ఆ తెర దించుతున్న మనిషి. "అయ్యా, మీరు పై నుంచి తనిఖీకి వచ్చారా?" అని వినయంగా అడుగుతున్నాడు.

పరీక్షకుడు వచ్చాడు. సన్నటి మనిషి, లావుపాటి కళ్ళద్దాలు. చేతిలో కోడలి పుస్తకం, దాన్నిండా రంగురంగుల కాగితం ముక్కలు గుర్తుగా పెట్టి ఉన్నాయి. అవన్నీ ప్రశ్నలేనని గైడు మేడమ్ చెవిలో చెప్పింది. చెప్పకపోతే ఆవిడ సొమ్మేం పోయేదో!

కోడలు లేచి మాట్లాడింది. వెనక వరసలో మాస్టారి వేలు కదలడం కనిపిస్తూనే ఉంది. ఇరవై నిమిషాలకి ఎనిమిది సెకన్ల ముందే ముగించింది. మొదటి ప్రశ్నకి జవాబు చెప్పింది. రెండోదానికి పరీక్షకుడు తల కూడా ఊపాడు. మూడో కాగితం ముక్క దగ్గర పుస్తకం తెరిచి, కళ్ళద్దాలు పైకి నెట్టుకున్నాడు.

"ఆరో ఏడు తీసిన గింజల్లో వందకి అరవై మొలకెత్తలేదు. చచ్చిపోయాయని రాశారు. అవి చచ్చాయని మీకెలా తెలుసు? ఇంకా నిద్రపోతున్నాయేమో?"

పరిశోధనంతా ఆ ఒక్క ప్రశ్న మీదే నిలబడి ఉంది. కోడలి తల మెల్లగా పైకి లేచి ఫానుని వెతుక్కుంది. మూడు రెక్కలు, ఒకదాని మీద మరక. నోరు ఎండిపోయింది. గైడు మేడమ్ కుర్చీ అంచుకి జరిగింది.

ఆ, నాలుగు సెకన్లు, అనుకుంది కోడలు. ముందున్న నీళ్ళగ్లాసు తీసుకుంది. తీరిగ్గా ఒక గుక్క తాగింది. గ్లాసు బల్ల మీద పెట్టింది. లేబొరేటరీలో తను వరసగా పేర్చుకున్న గాజు పళ్ళేలు గుర్తొచ్చాయి, వాటిలో ఎర్రబడిన గింజలు, పాలిపోయి మిగిలిన గింజలు.

"మొలకెత్తలేదని వదిలెయ్యలేదండీ" అంది. "అలాంటి ప్రతి గింజనీ రెండుగా కోసి మందునీళ్ళలో నానబెట్టాను. ప్రాణం ఉన్న గింజ ఎర్రబడుతుంది, నిద్రలో ఉన్నా సరే. ఎర్రబడినవాటిని వేరే లెక్క వేశాను, అవి నూట పదకొండో పేజీలో ఉన్నాయి. చచ్చాయని రాసినవి ఒక్కటి కూడా ఎర్రబడలేదు. నేనే కోశాను, నేనే చూశాను."

పరీక్షకుడు నూట పదకొండో పేజీ తీశాడు. చదివాడు. ఆ కాగితం ముక్క పీకి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఇంకో ఏడు ప్రశ్నలడిగాడు గానీ, వాటిలో పస లేదు.

నిర్ణయం తేల్చుకోవడానికి అందర్నీ బయటికి పంపారు. వరండాలో నిలబడి ఉండగా గైడు మేడమ్ మంచినీళ్ళ నెపంతో బయటికొచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది.

"గట్టెక్కావు! ఆయనేమంటున్నారో తెలుసా? ఈ రోజుల్లో ప్రశ్న అడగ్గానే ఏదో ఒకటి వాగేస్తారు, ఈ అమ్మాయి నీళ్ళు తాగి అర నిమిషం నిదానంగా ఆలోచించి మరీ జవాబు చెప్పింది, ఇలాంటివాళ్ళు కావాలి అంటున్నారు."

"అర నిమిషమా? నాలుగు సెకన్లే కదా మేడమ్!"

"నాలుగు సెకన్లేమిటి తల్లీ! అర నిమిషం పైమాటే. నా గుండె గొంతులోకొచ్చింది" అని ఆవిడ మళ్ళీ లోపలికి పరిగెత్తింది.

కోడలు మెల్లగా వెనక్కి తిరిగింది. మాస్టారు నోటీసు బోర్డు ముందు నిలబడి, ఎప్పుడో రెండేళ్ళ కిందటి హాస్టలు నోటీసు ఒకటి మహా శ్రద్ధగా చదువుతున్నారు.

"మామయ్యగారూ."

"ఊఁ."

"ఎంతసేపు ఆగాను?"

"నాలుగు..."

"ఇక చాల్లెండి!" అంది అత్తగారు. మూడు వారాలుగా బిగబట్టుకున్న నోరు ఆవిడది. "మొదటిరోజు నువ్వు ఆగినప్పుడు పదిహేను కాయలు ఒలిచాను అమ్మాయ్. పదిహేను! ఇంకోరోజు నువ్వు ఆగితే లోపలికెళ్ళి పొయ్యి కట్టేసి, తీగ మీది బట్టలు తీసుకొచ్చి కూర్చున్నా, నువ్వింకా ఫాను వంకే చూస్తున్నావు. ఈయనేమో ఐదు సెకన్లని నిలువునా అబద్ధం! చెబుదామని నోరు తెరిస్తే కళ్ళెర్రజేశారు. ఈయన కళ్ళెర్రజేయడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి, జడుసుకుని ఊరుకున్నా."

కోడలు మామగారి వంకే చూస్తోంది. "నిజం చెప్పండి. మొదటిరోజు ఎంత?"

మాస్టారు వాచీని అరచేత్తో మూసేసుకున్నారు. దొంగతనం చేసి దొరికిపోయిన మొహం అది. "యాభై ఒకటి" అన్నారు నేల చూస్తూ.

"ఇవాళ?"

"ముప్పైనాలుగు." అంతలోనే తలెత్తారు. మొహం వెలిగిపోయింది. "పదిహేడు సెకన్లు తగ్గించావమ్మా! మూడు వారాల్లో! ముప్పైనాలుగేళ్ళలో నా చేతికింద ఏ పిల్లాడూ అంత తగ్గించలేదు!"

"మీ కన్నకొడుక్కి ఐదో వంతు సెకను వదల్లేదు కదండీ మీరు!"

"వాడు పరిగెత్తాడమ్మా. పరిగెత్తినవాడికి టైం చెప్పాలి. నువ్వు గీత దగ్గరే కూలబడ్డావు. కూలబడ్డ పిల్లకి యాభై ఒకటి అని చెబితే లేస్తుందా?"

కోడలికి నవ్వాలో, కోప్పడాలో, అక్కడే కాళ్ళకి దణ్ణం పెట్టాలో తెలియలేదు. ఆ మూడింట్లో ఏదీ చెయ్యకముందే అటెండరు తలుపు తీసి లోపలికి పిలిచాడు.

పరీక్షకుడు లేచి నిలబడ్డాడు. డాక్టరేటు ఇవ్వడానికి తామంతా ఏకగ్రీవంగా ఒప్పుకున్నామని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. రెండు ముక్కలు మాట్లాడమ్మా అన్నారు. కోడలు నిజంగా రెండు ముక్కలే అనుకుని లేచింది. గైడు మేడమ్‌కి కృతజ్ఞతలు చెప్పింది. సంచులు కుట్టిన అత్తగారికి చెప్పింది, దగ్గిన భర్తకి చెప్పింది, ఎండలో తనతోపాటు గుంటలు తవ్విన కూలీలకి పేరుపేరునా చెప్పింది. అందరూ అయ్యాక వెనక వరస వైపు తిరిగింది. అక్కడ మాట ఆగిపోయింది. ఊరికే చూస్తూ నిలబడింది, ఈసారి ఫాను వంక కాదు. కాసేపటికి నవ్వొచ్చింది. నవ్వుతూనే మా మామగారు అంటూ మళ్ళీ మొదలుపెట్టింది. బయట బల్ల మీద టీలు చల్లారిపోతున్నాయి, అటెండరు తలుపులోంచి రెండుసార్లు తొంగిచూసి వెళ్ళాడు, అయినా ఆమె చెబుతూనే ఉంది. పరీక్షకుడు మళ్ళీ కూర్చుని వింటున్నాడు.

ఎట్టకేలకి ముగించి అందరూ లేచాక, అత్తగారు మొగుడి వైపు వంగింది. "ఎంతసేపు మాట్లాడిందండీ?"

మాస్టారు మెడలోని వాచీ వంక ఒకసారి చూసుకున్నారు. ముల్లు సున్నా దగ్గరే ఉంది.

"చూడలేదే" అన్నారు.

అత్తగారు గాభరాగా ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరమేమీ లేదు.